బందరు కంచు

పొద్దున ఆరింటికి పాలు కాచడం, ఆరున్నరకు నీళ్ల మోటారు వేయడం, ఏడింటికి పడవ పని. రిటైరైన మర్నాటి నుంచి లీలాకుమారిది ఇదే వరస. మాసబ్ ట్యాంక్ దగ్గర సర్కారు ఆఫీసులో ముప్పై రెండేళ్లు ఫైళ్లకు దారాలు కట్టిన మనిషి. ఇక కాళ్లు చాపుకుని టీవీ చూసుకుంటుందిలే అని అందరూ అనుకున్నారు. ఆవిడేమో అమీర్‌పేట సందులో తాము అద్దెకుంటున్న మూడంతస్తుల మేడ ఎక్కి, డాబా మీద పద్నాలుగు అడుగుల చెక్క పడవ మొదలుపెట్టింది. పిచ్చి అంటారా? పిచ్చే. కానీ పక్కింటివాళ్ల డాబా మీద ఎండేసిన మిరపకాయలకు లేని అభ్యంతరం పడవకెందుకు?

ఆవిడ తండ్రి బందరు దగ్గర గిలకలదిండిలో పడవలు కట్టిన వడ్రంగి. లీలాకుమారికి పలక కంటే ముందు ఉలే చేతికొచ్చింది. కొత్త పడవ నీళ్లలో దింపినప్పుడల్లా తండ్రి పిల్లలందరినీ ఎక్కించుకునేవాడు. చుక్కాని మాత్రం మగపిల్లల చేతికే ఇచ్చేవాడు. "నువ్వు ముందు కూర్చోవే పిల్లా, గాలి బాగా తగులుతుంది" అనేవాడు. ఆ గాలి తగిలీ తగిలీ ఆవిడకు అరవయ్యేళ్లు దగ్గరపడ్డాయి. కోరిక మాత్రం అలాగే ఉండిపోయింది. తన చేత్తో కట్టిన పడవలో, చుక్కాని తనే పట్టుకుని, హుస్సేన్ సాగర్‌లో ఒక్క చుట్టు తిరగాలి. అంతే. ఏ బహుమతీ వద్దు, ఫోటో కూడా వద్దు.

భర్త జాన్‌బాబు టైలరు. కోచింగు పిల్లలకు ఇంటర్వ్యూ కోట్లు, చర్చి కొయిరుకు గౌన్లు కుడతాడు. తెరచాప ఆయనే కుట్టాడు. కుట్టి, అలవాటు కొద్దీ లోపలివైపు ఒక జేబు కూడా పెట్టాడు.

"తెరచాపకు జేబేంటండీ?" అంది లీలాకుమారి.

"ఉంటే మంచిదేగా. ఏ పెన్నో పెట్టుకోవచ్చు" అన్నాడాయన. ఆవిడ తలకొట్టుకుని ఊరుకుంది.

మూడేళ్లకు చెక్క పని అయింది, రంగు కూడా అయింది. మిగిలింది లోహం పని. తాళ్లు చుట్టడానికి రెండు కొమ్ములు, తెరచాప లాగడానికి ఒక కప్పీ, తెరచాప కొయ్యను పట్టి ఉంచడానికి ఒక ఉంగరం, చుక్కాని బిగించడానికి ఒక కీలు. చూస్తే ఇంతే. కానీ ఇనుమైతే తుప్పు పడుతుంది. ఇత్తడైతే నాలుగు వానలు నానితే పుల్లలా విరుగుతుంది. "పడవకు కంచే పెట్టాలి" అనేవాడు తండ్రి. పడవకు పెట్టే కంచు సామాను బజార్లో దొరకదు, విదేశాల నుంచి తెప్పించాలి. ఆ ధర ఫోన్లో చూసి జాన్‌బాబు చాక్‌పీసు కింద పడేసుకున్నాడు. సరే, కొత్తది కాకపోతే పాతదే వెతుకుదామని లీలాకుమారి చేసంచి పట్టుకుని పంజాగుట్ట బయల్దేరింది.

పంజాగుట్టలో పెద్దరోడ్డు వెనకసందులో బాబూ మియా పాతసామాను దుకాణం ఉంది. వాళ్ల నాన్న కాలం నుంచీ ఉంది. కుళాయిలు, కుక్కరు మూతలు, ఫ్యాను రెక్కలు, వీటన్నిటి మధ్య ఒక స్టీలు పళ్లెంలో విడిగా పెట్టి ఉందొక కంచు కొమ్ము. పళ్లెం నిండా నీళ్లు. కొమ్ము నుంచి ఇంకా బొట్టు బొట్టుగా కారుతున్నాయి.

"గిదేంది అని అడగకుండ్రి మేడమ్" అన్నాడు బాబూ మియా ముందే. "దినానికి రెండుసార్లు చెమటలు పడ్తది. తుడ్వంగ తుడ్వంగ నా రుమాళ్లన్నీ ఖరాబైనయి. అందుకే పళ్లెం పెట్టిన."

లీలాకుమారి ఆ నీళ్లలో వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. ఉప్పగా ఉంది. ఆవిడ అక్కడే నిలబడి గిలకలదిండిలో ఉన్న పినతండ్రి కొడుకు మార్క్‌కు ఫోను చేసింది.

"ఒరేయ్ మార్కూ, అక్కడ ఇప్పుడు పోటా, ఆటా?"

"పోటే అక్కా. ఇప్పుడే నిండుగా వచ్చింది. ఏంటి, బందరొస్తున్నావా?"

"లేదురా. బందరే ఇక్కడికొచ్చింది" అని ఫోను పెట్టేసింది.

బాబూ మియాకు జ్ఞాపకం వచ్చింది. ముప్పై ఏళ్ల కిందట బందరు నుంచి వచ్చిన లారీలో, విరగ్గొట్టిన ఓ పాత పడవ సామాను దిగిందట. వాళ్ల నాన్న దాన్ని విడివిడిగా, ఎవరికేది కావాలంటే అది అమ్మేశాడట. "మా అబ్బాజాన్ ఎవరికిచ్చిండో జర యాదికి తెచ్చుకుంట" అన్నాడు. ఆ కొమ్ముకు బదులు తన దుకాణం తలుపు సరిచేసి పెట్టమన్నాడు. లీలాకుమారి ఆ సాయంత్రమే చిత్రిక పట్టుకెళ్లి, పదేళ్లుగా రాసుకుంటున్న తలుపును వేలితో తోస్తే తెరుచుకునేలా చేసింది.

తర్వాత రెండు నెలలూ వెతుకులాటే. వెతకడం కష్టం కాలేదు. 'మీ ఇంట్లో వేళాపాళా లేకుండా తడిసే వస్తువేదైనా ఉందా?' అని అడిగితే చాలు, జనం ఇట్టే చెప్పేవారు. రెండో కొమ్ము ఎస్.ఆర్. నగర్ మగపిల్లల హాస్టల్లో తువ్వాళ్లు తగిలించే కొక్కెంగా దొరికింది. తువ్వాలు ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కప్పీ బోరబండలో హనుమాండ్లు మేస్త్రీ దగ్గర ఉంది. "గిది ఇప్పటికి మూడు బస్తాల సిమెంటు గడ్డకట్టించింది అక్కా, తీస్కపో, పుణ్యముంటది" అని దండం పెట్టి మరీ ఇచ్చాడాయన. ఉంగరం అమీర్‌పేటలో ఒక కోచింగు సెంటర్లో, కేదార్ సార్ బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా కూర్చుని ఉంది. అడ్మిషను ఫారాల మీద సిరా అలుక్కుపోయి పిల్లల పేర్లు మారిపోతున్నాయని ఆయన మొత్తుకుంటున్నాడు. లీలాకుమారి ఒక గ్రానైటు ముక్క నున్నగా అరగదీసి ఇచ్చి ఉంగరం తెచ్చుకుంది. చుక్కాని కీలులో సగం, అంటే పడవ వెనక బిగించే కన్ను, ఒక పూలకొట్టు దగ్గర గొడుగు నిలబెట్టుకునే సాధనమై కనిపించింది. ఇక కావలసింది ఆ కన్నులో దూరే సూది. బొటనవేలంత లావు, జానెడు పొడుగు కంచు సూది. అది లేకపోతే చుక్కాని ఉన్నా లేనట్టే.

ఒక్కొక్కటీ దొరికినప్పుడల్లా లీలాకుమారి పడవ మీద దాని చోట దాన్ని పెట్టి చూసుకునేది. మొదటి కొమ్ము పెట్టిన రోజు పోటు వేళకు పడవ కాస్త లేచి కింద నుంచి న్యూస్‌పేపరు దూరింది. రెండోది పెడితే ఇటుక దూరింది. కప్పీ, ఉంగరం వచ్చాక మూడో అంతస్తువాళ్ల పిల్లి ఆ కింద చేరి నిద్రపోవడం మొదలుపెట్టింది. కన్ను పెట్టాక పడవ మోకాలెత్తున గాల్లో నిలబడి, రెండు మూడు గంటలుండి, ఆటు రాగానే మెల్లగా దిగేది. "పడవన్నాక తేలదా మరి?" అన్నారు మేడలోవాళ్లు. బట్టలారేసే తీగ మాత్రం కాస్త ఎత్తుగా కట్టుకున్నారు.

అప్పుడొచ్చాడు ఇంటి ఓనరు రఘురామ్. మంచివాడే పాపం, చేతులు నలుపుకుంటూ చెప్పాడు.

"అక్కా, ఏమనుకోకు. పైన ఇంకో ఫ్లోరు లేపుతున్న, లేడీస్ హాస్టలుకు. సోమవారం పొద్దుగాల సెంట్రింగ్ కర్ర దిగుతది. గప్పట్లకు డాబా ఖాళీ చెయ్యాలె."

"సోమవారమా? ఇవాళ బుధవారం కదా రఘురామ్!"

"మేస్త్రీకి మాటిచ్చిన అక్కా. పడవ దింపుకుంటె సరిపాయె."

దింపుకుంటే సరిపోయేదే. కానీ ఎలా? ఇక్కడే ఉంది అసలు తమాషా. మూడేళ్లలో లీలాకుమారి పడవ పొడుగు కొలిచింది, వెడల్పు కొలిచింది, చెక్క మందం నూలుపోగు తేడా లేకుండా కొలిచింది. మెట్లు మాత్రం కొలవలేదు. ఏం చేస్తుంది మరి? వాళ్ల వంశంలో పడవ కట్టినవాళ్లందరూ ఇసుకలో కట్టారు. పడవ పూర్తయితే నీళ్లలోకి తోయడమే వాళ్లకు తెలుసు. మెట్ల మలుపు అన్న మాటే వాళ్ల శాస్త్రంలో లేదు. క్రేను సందులోకి రాదు, కరెంటు తీగలు అడ్డం.

"ఫికర్ చెయ్యకు అక్కా, మధ్యల రంపం పెట్టి రెండు ముక్కలు చేస్తె మెట్ల మీదికెల్లి దింపొచ్చు" అన్నాడు రఘురామ్, సాయం చేస్తున్నాననుకుని.

ఆ రాత్రి లీలాకుమారికి అన్నం సయించలేదు. జాన్‌బాబు పక్కన కూర్చుని టేపు మెడలో వేసుకునే ఆలోచించాడు.

"ఆదివారం పౌర్ణమి. పెద్ద పోటు" అంది ఆవిడ. "అయిదు సామాన్లతో మోకాలెత్తు లేస్తోంది. పిట్టగోడ మూడడుగులు. ఆ సూది కూడా దొరికితే గోడ దాటుతుందండీ. తాళ్లు కట్టి మెల్లగా కిందికి వదలొచ్చు."

"దొరక్కపోతే?"

రంపం మాట ఇద్దరూ ఎత్తలేదు.

శుక్రవారం మధ్యాహ్నం సామాన్లన్నీ చేసంచిలో వేసుకుని బాబూ మియా దుకాణానికి వెళ్లింది. మరలు పట్టడానికి వాటికి బెజ్జాలు పెద్దవి చేయించాలి. ఆయనకు తెలిసిన లేతు మిషను ఉంది. అప్పుడే ఆయన క్యారియరు విప్పుతున్నాడు.

"రాండ్రి మేడమ్, ఒక ముద్ద తినుండ్రి. మా చెల్లె నఫీసా చేసిన ఖట్టీ దాల్. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లకు అరవై క్యారియర్లు పంపుతది."

కాదనలేక ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని ఆగిపోయింది. చింతపండు, వెల్లుల్లి, కరివేపాకు, అన్నీ ఉన్నాయి. వాటి వెనక ఇంకోటి ఉంది. చిన్నప్పుడు ఈతకొట్టి వచ్చి పెదాలు నాక్కుంటే తగిలే రుచి.

"బాబూ మియా గారూ, మీ చెల్లెలు అల్లం వెల్లుల్లి దేంతో దంచుతుంది?"

బాబూ మియా ముద్ద గొంతులో అడ్డంపడి నీళ్లు తాగాడు. "దస్తాతోని" అన్నాడు, ఎటో చూస్తూ.

"దస్తా అంటే చిన్న రోకలేగా? కంచుదా?"

"నాకెర్కనే మేడమ్" అని తల వంచుకున్నాడు. "మొదటి దినం నుంచే ఎర్క. కాని నఫీసాను అడిగే ధైర్నం నాకు లేదు. మీరు దాన్ని చూడలె గద."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, బోరబండ దాకా తిరిగి వెతికిన సూది రోజూ ఈయన క్యారియరు వండుతోందన్నమాట.

నఫీసా ఇల్లు రెండు సందుల అవతలే. నలభై ఎనిమిదేళ్ల మనిషి, ఇంట్లోనే గుండిగల మధ్య కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. లీలాకుమారి సంగతంతా చెప్పింది. నఫీసా విని, దస్తా ఎత్తి ఒళ్లో పెట్టుకుంది.

"ఇరవై రెండేండ్ల సంది గిదే అక్కా. మా ఆయన పోయిన నెలల అబ్బాజాన్ ఇచ్చిండు, ఏదన్న వండి అమ్ముకో అని. నా ఇంట్ల ఉప్పు డబ్బ ఒకటున్నది గాని మూత తియ్యలె. గిది పోతె నా పప్పు ఎవరు తింటరు? అందరి పప్పు లెక్కనే నా పప్పు సుత."

మాట న్యాయంగానే ఉంది. లీలాకుమారి బతిమాలలేదు. లేచి నిలబడింది, కానీ కళ్లు ఆగలేదు. "నాకు ఏడుపొస్తోంది నఫీసా, ఏమనుకోకు. ఆదివారం లోపల దింపకపోతే రంపంతో కోసేస్తారు. మూడేళ్లు కట్టాను."

"ఉల్లిగడ్డలు కోసేకాడ ఏడిస్తె ఎవరు నమ్ముతరక్కా" అంది నఫీసా. అని, కత్తిపీట పక్కకు నెట్టి తనూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. దస్తా వంక చూసి అంది, "ఆదివారం హాస్టలోల్లు లేటుగ లేస్తరు. క్యారియర్లు ఒంటిగంటకు పోతయి. పన్నెండు దాంక మీకిస్త. పన్నెండైనంక మళ్ల నా చేతుల పెట్టాలె. నేను సుత దాని వెంబడే వస్త. ఇరవై రెండేండ్లల ఒక్క దినం సుత దాన్ని ఇడిచిపెట్టి లేను."

"పన్నెండు కొట్టేసరికి నీ చేతిలో ఉంటుంది" అంది లీలాకుమారి. మాటంటే మాటే.

శనివారం సాయంత్రం బాబూ మియా బెజ్జాలు వేయించిన సామాన్లు తెచ్చాడు. సంచి విప్పితే కళ్లు జిగేల్‌మన్నాయి. కొమ్ములు, కప్పీ, ఉంగరం, కన్ను, అన్నీ వెండిలా తెల్లగా మెరుస్తున్నాయి. "పెండ్లి సామాను లెక్క చేయించిన మేడమ్. పైసలు వద్దు, నా దిక్కెల్లి" అన్నాడు మురిసిపోతూ. లీలాకుమారి కూడా మురిసిపోయింది. లాంతరంత వెలుగున్న ఆ సామాన్లను చీకటి పడేలోపు బిగించేసింది.

ఆదివారం ఎనిమిదింటికే డాబా నిండిపోయింది. హనుమాండ్లు తాళ్లతో వచ్చాడు. హాస్టలు పిల్లలు పది మంది, కేదార్ సార్, తీగలు పైకెత్తి పట్టుకోవడానికి వెదురుకర్రతో రఘురామ్. నిండు పోటు తొమ్మిదింపావుకని మార్క్ ఫోన్లో చెప్పాడు. నఫీసా బుర్ఖా అంచున చుట్టుకుని దస్తా తెచ్చింది, తడి ఓడుతోంది. లీలాకుమారి దాన్ని చుక్కానికి బిగించి కన్నులో దింపింది. టక్కుమని కూర్చుంది. ముప్పై ఏళ్ల తర్వాత కలిశాయి కాబోలు, చక్కగా తిరిగింది.

ఎనిమిదిన్నరకు పడవ లేచింది. లేచింది కానీ వెనక మాత్రమే! ముందుభాగం నేలకు అతుక్కుని ఉంది, వెనకభాగం గాల్లోకి లేచింది. గడ్డి మేస్తున్న గేదెలా ఉంది చూడ్డానికి. ఎనిమిది నలభైకీ అంతే. లీలాకుమారి కొమ్ము మీద చెయ్యి వేసి చూసింది. పొడిగా ఉంది. కప్పీ పొడి. ఉంగరం పొడి.

"చచ్చిపోయాయండీ" అంది జాన్‌బాబు చెయ్యి పట్టుకుని. "బెజ్జాలు వేయించి చంపుకున్నాను."

నఫీసా వంగి కొమ్మును గోటితో గీకింది. అన్న వైపు తిరిగింది. "భాయిజాన్, వీటికి కళాయి పూయించినవా?"

"మరి ఉత్తగ ఇస్తమా?" అన్నాడు బాబూ మియా. "రాగిది, కంచుది కళాయి లేకుండ ఎవరింటికన్న ఇస్తరా? చిలుం పట్టదా? మనకు మర్యాదున్నదా లేదా?"

"అరె భాయిజాన్! పడవల పులుసు కాస్తరా? ఒకసారి నేను సుత దస్తాకు పూయించిన. నెల దినాలు పప్పు చప్పగున్నది. గీకిపిచ్చినంకనే మళ్ల రుచొచ్చింది. లోపట సముద్రం ఉండంగ పైన మూత పెడ్తె ఎట్లొస్తది?"

అంతే. లీలాకుమారి పెట్టెలో ఉన్న ఎమరీ కాగితమంతా బయటికొచ్చింది. ముక్కలు చించి తలా ఒకటి ఇచ్చింది. హాస్టలు పిల్లలు రెండు కొమ్ముల మీదా పడ్డారు, హనుమాండ్లు కప్పీ పట్టుకున్నాడు, కేదార్ సార్ ఉంగరం. బాబూ మియా కన్ను దగ్గర గొంతుక్కూర్చుని, తాను పూయించిన కళాయిని తానే గీకుతూ, "ఎంత మంచిగ మెరిసినయి, ఎంత మంచిగ మెరిసినయి" అని బాధపడుతున్నాడు. తొమ్మిది దాటింది. ఒకరి చేతులు నొప్పిపుడితే ఇంకొకరు అందుకున్నారు. ఎర్రగా కంచు బయటపడ్డ చోటల్లా ఒక్కో బొట్టు పుట్టింది. తొమ్మిదీ పన్నెండుకు పడవ ముక్కు ఎత్తింది. తొమ్మిదింపావుకు నిండుగా, తిన్నగా, పిట్టగోడకు బెత్తెడు పైన నిలబడింది.

"తొయ్యండి!" అంది లీలాకుమారి.

గోడ దాటించారు. కొమ్ములకు చుట్టిన తాళ్లు జారవిడుస్తూ మూడంతస్తులూ దింపారు. రెండో అంతస్తు కిటికీలోంచి ఎవరో "జాగ్రత్త, మా కుండీ" అన్నారు. కుండీ తప్పించారు. పడవ సందులో మనిషి నడుమెత్తున తేలుతూ నిలబడింది.

లీలాకుమారి గబగబా మెట్లు దిగి, ఎక్కి, చుక్కాని పట్టుకుని కూర్చుంది. మనసు నిండిపోయింది. నఫీసా కూడా ఎక్కింది, దస్తా మీద నుంచి చూపు తీయకుండా. ఆటుకు పడవ దిగిపోయేలోగా హుస్సేన్ సాగర్ చేరాలి. లేకపోతే నడిరోడ్డు మీద దిగబడుతుంది. జనం తాళ్లు పట్టుకుని లాగారు, పడవ కదిలింది. అమీర్‌పేట మెట్రో స్తంభాల దగ్గర కుడికి తిరగాలి. లీలాకుమారి చుక్కాని తోసింది. పడవ తిరగలేదు. గట్టిగా తోసింది. పడవ బల్కంపేట వైపు మూతి తిప్పి, ఒక మిర్చి బజ్జీల బండిని రాసుకుని ఆగింది. మళ్లీ తోస్తే వెనక్కి వచ్చింది. హారన్లు మోగుతున్నాయి. ఆవిడ చెమటలు కక్కుతోంది.

"గట్ల నూకితె వినదక్కా" అంది నఫీసా. "దంచేటప్పుడు సుత గంతే. జర ఎత్తి తిప్పాలె."

లీలాకుమారి ఎత్తి తిప్పింది. రాలేదు. నఫీసా ఆవిడ చేతి మీద చెయ్యి వేసి, కొంచెం లేపి, కొంచెం తిప్పింది. పడవ పంజాగుట్ట వైపు చెప్పినట్టు తిరిగింది.

లీలాకుమారికి కడుపు మండింది. అబద్ధమెందుకు? మూడేళ్లు తను చెక్క చెక్కింది, మెట్లెక్కీ దిగీ మోకాళ్లు అరగదీసుకుంది. చివరికి చుక్కాని ఇంకొకరి మాట వింటోంది. చిన్నప్పుడు తండ్రి అన్నల చేతికి ఇచ్చినప్పటి ఉక్రోషమే మళ్లీ వచ్చింది. కానీ వెనక బస్సువాడు తిడుతున్నాడు, గడియారం పది దాటింది. ఆవిడ పక్కకు జరిగింది. "నువ్వే పట్టుకో" అంది, ముఖం తిప్పుకుని.

నఫీసా పట్టుకుంది. అరవై మందికి వండే చెయ్యి అది, తొణకలేదు. ఆటోల మధ్య నుంచి, బస్సుల పక్క నుంచి పడవ నునుపుగా సాగింది. పంజాగుట్ట చౌరస్తాలో కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏందిది, నంబరు ప్లేటు లేదు?"

"కొత్త బండి సార్. ఇంకా నీళ్లే తాగలేదు" అన్నాడు పక్కన స్కూటరు మీద వస్తున్న జాన్‌బాబు.

కానిస్టేబులు పడవ చుట్టూ ఒకసారి నడిచాడు. "ఫ్లైఓవరు ఎక్కకుండ్రి, కిందికెల్లే పోవాలె. లెఫ్ట్ పట్టుకోండ్రి" అని ఈల ఊది మిగతా బళ్లన్నీ ఆపాడు. సోమాజిగూడ, ఖైరతాబాద్ దాటేసరికి పడవ మోకాలెత్తుకు దిగింది. నెక్లెస్ రోడ్డు చేరేసరికి అడుగు రోడ్డును రాసుకుంటోంది. చివరి గజం అందరూ కలిసి మోశారు. చెరువులోకి జారింది. ఒకసారి ఇటూ అటూ ఊగి, నిలబడింది.

జాన్‌బాబు తెరచాప ఎత్తి ఒడ్డుకు దిగాడు. ఒడ్డున అందరూ చప్పట్లు కొట్టారు. లీలాకుమారి తాడు లాగింది. తెరచాప నిండింది, గాలి ఆవిడ అరచేతుల్లోకి వచ్చి గుంజింది. చేపపిల్ల గుంజినట్టు, బతికి ఉన్నట్టు. పడవ నీళ్లు కోసుకుంటూ పరిగెత్తింది. ఆవిడకు తెలియకుండానే నవ్వు వచ్చింది, పెద్దగా, చిన్నపిల్లలా. ఇన్నేళ్లూ పడవను నడిపేది చుక్కాని పట్టుకున్నవాడే అనుకుంది. ఈ గుంజుడు సంగతి ఎవరూ చెప్పలేదు.

వెనక్కి చూస్తే నఫీసా నోరు తెరుచుకుని నీళ్లవంకే చూస్తోంది. ఇరవై రెండేళ్లలో వంటింటి బయట ఆమె గడిపిన గంటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆమె చేతి కింద చుక్కాని ఇటు అంటే ఇటు, అటు అంటే అటు.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా లీలాకుమారి పడవను ఒడ్డుకు పట్టించింది. పానా తీసింది. మాట మాటే. సూదికున్న మొదటి మర వదులు చేసింది, రెండోది వదులు చేస్తోంది. అది ఊడితే ఈ పడవకు చుక్కాని ఉండదు. అయినా చెయ్యి ఆపలేదు.

నఫీసా ఫోను మోగింది. హాస్టలు నుంచి. లౌడ్ స్పీకరులో కుర్రాడి గొంతు గట్టిగా వినిపించింది. "ఆంటీ, క్యారియర్ ఎప్పుడొస్తది? మస్తు ఆకలైతుంది."

నఫీసా ఫోను వంక చూసింది, పానా వంక చూసింది, చెరువు వంక చూసింది. లీలాకుమారి చెయ్యి పట్టుకుని ఆపింది.

"మా ఇంటి తాళం భాయిజాన్ దగ్గరున్నది బేటా" అంది ఫోన్లో. "పప్పు ఉడికే ఉన్నది, తాలింపు పెట్టుకోండ్రి. ఉప్పు డబ్బ స్టవ్వు పక్కన్నే ఉన్నది, మూత గట్టిగుంటది, జర బలం పెట్టి తియ్యిండ్రి. నాకు పని ఉన్నది."

ఫోను ఒళ్లో పడేసుకుని, "బిగియ్యక్కా" అంది. "ఇంకొక చుట్టు పోదాం."